నున్నటి తీగలు

తణుకు,
జూలై 6, 1981

చి. ప్రసాదుకి,

సత్యక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. వానలు పట్టాయి, కాలవలు వదిలారు. మీ బావగారి గోడౌనులో బెల్లం చెమర్చడం మొదలుపెట్టింది, దాన్ని చూసి ఆయన మొహం కూడా.

శ్రీరామనవమి పందిళ్లలో వాయించడానికి వచ్చినప్పుడు నువ్వు మా ఇంట్లో వదిలి వెళ్లిన శాల్తీ ఇంకా ఇక్కడే ఉంది. భీమవరం ఆర్కెస్ట్రా ఏసురాజు వచ్చి పట్టుకుపోతాడన్నావు. ఆ మహానుభావుడు ఇంతవరకూ గుమ్మం తొక్కలేదు. వీణ పాఠానికి వచ్చే పిల్లల తల్లులందరూ సావిట్లో నిలబెట్టిన ఆ పెట్టెని చూసి "ఏంటండీ అది, మనిషంత ఉంది" అంటున్నారు. బేస్ గిటారండీ, మా పిన్ని కొడుకుది, మద్రాసులో సినిమా పాటలకి వాయిస్తాడు అని చెప్తాను. ఏ పాటకి అంటారు. చెప్తాను. ఆ పాట రేడియోలో రాగానే అందరం చెవులు రిక్కించుకుని కూర్చుంటాం. పాడేవాళ్లు వినపడతారు, వయొలిన్లు వినపడతాయి, తబలా వినపడుతుంది. నువ్వు మాత్రం దేవుడిలాంటివాడివి నాయనా, ఉన్నావని నమ్మాలంతే.

సరే, అసలు సంగతికి వస్తాను. నిన్న ఆ పెట్టె తెరిచాను. కోప్పడకు. నాలుగు తీగలు, మెట్లు, బిరడాలు, చూస్తే మా వీణకి సవతి చెల్లెల్లా ఉంది. నా వీణ మంద్రం తీగ మీద చుట్టు ఉంటుంది కదా, వేలు జారిస్తే గర్రుమంటుంది. దీనికీ చుట్టు ఉంది, కానీ ఎంత జార్చినా చప్పుడే లేదు. కళ్లజోడు పెట్టుకుని చూస్తే అద్దంలా ఉంది. ఎలా చేశార్రా? సంచిలో ఇంకో మూడు పొట్లాలున్నాయి. అవీ ఇలాంటివేనా? ఈ తీగ వేలిని కోస్తుందా, కొయ్యదా? ముఖ్యంగా అది రాయి.

ఊరికే అడుగుతున్నానులే.

నీ అక్క,
సత్యకుమారి


మద్రాసు,
జూలై 15

సత్యక్కకి,

నమస్కారాలు. పెట్టె తెరిచినందుకు కోపం లేదు. ఇన్నాళ్లు తెరవకుండా ఎలా ఊరుకున్నావా అనే ఆశ్చర్యం. నాకు సరళీ స్వరాలు చెప్పే రోజుల్లో జీళ్లు దాచానేమోనని నా జేబులు కూడా వెతికేదానివి.

మామూలుగా బేస్ తీగ మీద గుండ్రటి సన్నతీగ చుడతారు, నీ మంద్రం తీగకి చుట్టినట్టే. అందుకే ఆ గరుకు, ఆ చప్పుడు. ఆ గాట్లలో చెమటా మట్టీ చేరి నాలుగు నెలల్లో తీగ చచ్చిపోతుంది. నా గిటారు మీద ఉన్నవాటికి చుట్టింది బల్లపరుపు రేకు, జడకి రిబ్బను చుట్టినట్టు. వీటిని ఫ్లాట్‌వౌండ్ అంటారు. ఎనిమిదేళ్లుగా అవే తీగలు. తెగవు, చావవు, ఏటేటా ఇంకాస్త మంచివవుతాయి. వేలిని కొయ్యవు. కాకపోతే బిగువెక్కువ, గట్టిగా నొక్కాలి.

సంచిలో ఒక పొట్లం అవే, కొత్తవి. నల్లగా ఉన్నవాటికి పైన నైలాను పట్టీ చుట్టి ఉంటుంది, అన్నిటికంటే మెత్తన. మూడోది గుండ్రటి చుట్టు, ఏసురాజు కోసం తెచ్చాను. పెళ్లిపందిట్లో అయితే అదే నెగ్గుకొస్తుంది.

అక్కా, అడిగావు కాబట్టి నాకో సాయం చెయ్యి. ఇక్కడ రికార్డింగుల్లో ఇన్నేళ్లూ నున్నటి తీగలే కావాలనేవారు, మైకులో కీచుమనవు గనక. ఇప్పుడు కాలం మారుతోంది. మొన్నొక కుర్ర మ్యూజిక్ డైరెక్టరు "సార్, మీ బేస్ దుప్పటి కప్పుకుని పడుకుందండి" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మర్నాడే నా రెండో గిటారుకి గుండ్రటివి ఎక్కించాను. బాగుందో లేదో నాకే తేలడం లేదు. ఇక్కడ ఎవర్నడిగినా మొహమాటానికి బాగుందంటారు. నీకు ఆ జబ్బు లేదు. నాలుగు రకాలూ మార్చి చూసి, చెవికి ఎలా ఉందో, వేలికి ఎలా ఉందో విడివిడిగా రాయి.

బావగారికి నమస్కారాలు.

నీ తమ్ముడు,
నాగేశ్వరప్రసాద్


తణుకు,
ఆగస్టు 2

చి. ప్రసాదుకి,

ఆశీస్సులు. అప్పగించిన పని అయింది.

ముందే ఒక చిక్కొచ్చింది. కరెంటు పెట్టె లేకపోతే నీ గిటారు పలికే పలుకు దోమకి కూడా వినపడదు. ఏం చెయ్యాలా అనుకుంటూ దాన్ని భోషాణానికి ఆనించబోయాను, చెయ్యి తీగకి తగిలింది, భోషాణం మొత్తం గుమ్మంది. మా మావగారి నాటి టేకు భోషాణం, నువ్వెరుగుదువు కదా. అప్పట్నుంచి గిటారు తల దానికి ఆనించే మీటుతున్నాను. మీ బావగారు కొట్లోంచి వచ్చి "భోషాణంలో ఎవరే?" అన్నారు. మా తమ్ముడండీ అన్నాను.

ఇక విను. నీ పాత నున్నటి తీగలున్నాయే, అవి తాంబూలం బుగ్గన పెట్టుకున్న పెద్దమనిషి మాట. అక్షరాలు విడివిడిగా వినపడవు, అయినా ఆ మనిషి అబద్ధం చెప్పడనిపిస్తుంది. స్వరం పుట్టడమే నిండుగా పుడుతుంది, పని అయ్యాక ఆగిపోతుంది, గుమ్మంలో నిలబడి కబుర్లు చెప్పదు. కొత్త నున్నటివి అదే పెద్దమనిషి కుర్రతనం. స్వరం నెత్తిన అడక్కుండా ఒక సన్నటి గంట మోగుతుంది. కొన్నాళ్లు వాయిస్తే బుద్ధొస్తుందేమో. ఆ నల్లవి బియ్యం బస్తాని అరచేత్తో చరిచినట్టున్నాయి. మెత్తదనం బాగానే ఉంది, ఏ స్వరమో తేల్చుకోవడానికే కాస్త ఆలోచించాలి. గుండ్రటివి ఇత్తడి బిందె మెట్లమీద దొర్లినట్టు. మోత ఉంది, మెరుపూ ఉంది, పెళ్లికి పనికొస్తుంది. మీ కుర్రాయన అదే కావాలంటే వేసిపెట్టు, ఉద్యోగం కదా. కానీ నువ్వు గుండ్రటివాడివి కావురా. నీది ఆ పాత తీగే. మొహమాటం లేదన్నావు కాబట్టి చెప్తున్నాను.

వేలి సంగతి బేబి చెప్పినట్టు రాస్తున్నాను. బేబి అంటే పోస్టుమాస్టరు గారమ్మాయి, పదేళ్లుగా నా దగ్గర వీణ నేర్చుకుంటోంది, ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. పాతవి కడిగిన పలకలా ఉన్నాయిట. కొత్తవి నున్నగానే ఉన్నా వేలుని కాస్త పట్టుకుంటున్నాయిట. నల్లవి పట్టుదారం. గుండ్రటివి ఆకురాయి.

ఇంకో సంగతి వింటే సంతోషిస్తావు. నీ శ్రుతి నాకు నచ్చలేదు. తాళం తీగలు పక్కనపెడితే వీణకీ నాలుగే తీగలు కదా, పంచమం షడ్జం, పంచమం షడ్జం. నీ గిటారుని కూడా అలాగే కలిపేశాను. లావు తీగలు రెండిట్నీ అలాగే ఉంచి, సన్న తీగలు రెండూ రెండేసి మెట్లు పైకి బిగించాను. పాత నున్నటి తీగలు ఎక్కించి వారం రోజులుగా అలాగే ఉంచాను. ఒళ్లో అడ్డంగా పెట్టుకుంటే అచ్చం వీణే. ఇప్పుడది మన ఇంటి పిల్లలా మాట్లాడుతోంది.

నీ అక్క,
సత్యకుమారి


మద్రాసు,
ఆగస్టు 9

అక్కా,

ఈ కార్డు అందగానే తీగలన్నీ వదులు చెయ్యి. అన్నీ. ఉత్తరం పూర్తిగా చదవక్కర్లేదు, ముందు ఆ పని చెయ్యి.

నున్నటి తీగలకి బిగువెక్కువని రాశాను కదా. నువ్వు ఇంకా పైకి బిగించావు. అది పనసకర్ర వీణ కాదు, దాని మెడ వంగిపోతుంది. ఈపాటికి వంగే ఉంటుంది. అది నేను ఎనిమిదేళ్లు అన్నం తిన్న గిటారు. ఏసురాజుకి ఇస్తానని మాటిచ్చాను.

పైగా వేలికెలా ఉందో నిన్ను రాయమంటే బేబి చెప్పింది అంటావేంటి? పదేళ్ల పిల్లాణ్ణి నన్ను కూచోబెట్టి, వేళ్లు చిట్లినా సరే వాయించరా అన్నదానివి నువ్వే. ఇప్పుడు నీ వేళ్లు నొప్పెడతాయని భయమైతే అసలు దాని జోలికి వెళ్లొద్దు. వీణ టీచరుగారికి ఆటవస్తువేం కాదది.

ప్రసాద్


తణుకు,
ఆగస్టు 17

చి. ప్రసాదుకి,

కార్డు అందిన నిమిషంలో వదులు చేశాను. నువ్వన్నట్టే మెడ వంగింది. తీగలు మెట్లకి బెత్తెడు ఎత్తున లేచి నిలబడ్డాయి. బెత్తెడు కాదులే, ఏడుపులో అలా కనిపించింది. తప్పు నాదే. నాలుగు తీగలు కనపడగానే వీణ అనుకున్నాను.

నొప్పెడతాయని భయమా అన్నావు. ఒరే, ఒక్కసారి నొప్పెడితే వీధి గుమ్మంలో కొబ్బరికాయ కొడతాను.

నాకు చక్కెర జబ్బు. బెల్లం వర్తకుడి పెళ్లానికి చక్కెర జబ్బు, ఊరంతా నవ్వుకోవచ్చు. రెండేళ్లయింది. మీ బావగారికి తప్ప ఎవరికీ తెలియదు. ఎడమ చేతి వేళ్ల కొసలకి స్పర్శ పోయింది. తీగ మీద వేలు ఉందో లేదో కళ్లతో చూసుకుంటే గానీ తెలియదు. ఉగాది తర్వాత చూపుడు వేలు సారణి తీగకి కోసుకుంది. నాకు తెలియలేదు. బేబి మెట్ల మీద రక్తం చూసి అరిచింది. ఆ పుండు ఇవాళ్టికీ మానలేదు. రాజమండ్రి డాక్టరుగారు "వీణ మానెయ్యండమ్మా, లేకపోతే వేలు పోతుంది" అన్నారు. ఆయన చాలా మంచివాడు. ఏం మానమన్నాడో ఆయనకి తెలియదు, అంతే.

నలభై ఏళ్లుగా లేవగానే వీణ. ఇప్పుడు లేచి కాఫీ పెడుతున్నాను, పూజ చేస్తున్నాను, కూర తరుగుతున్నాను, ఎనిమిదింటికే పనులన్నీ అయిపోతున్నాయి. పిల్లలకి నోటితో పాఠం చెప్తున్నాను. వీణ అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నప్పుడల్లా ఒళ్లు మండిపోతుంది. కోయని తీగ ఎక్కడైనా ఉంటుందా అని వెతుక్కుంటుంటే మూలన నీ పెట్టె కనపడింది. అందుకే అడిగాను, అందుకే బేబి చేత ముట్టించాను. నా వేలు దేన్నీ ఎరగదురా.

కానీ ఒకటి చెప్పాలి. బిగించింది నువ్వే కదా అని కోప్పడకుండా విను. ఆ వారంలో ఒకరోజు మధ్యాహ్నం దాన్ని ఒళ్లో పెట్టుకుని అన్నిటికంటే లావు తీగ మీటాను. వేలికి ఏమీ తెలియలేదు. తొడ ఎముకలో తెలిసింది. అక్కణ్ణుంచి కడుపులోకి వచ్చి అక్కడ నిలబడింది. రేడియోలో నువ్వు ఎందుకు దొరకలేదో అప్పుడర్థమైంది. నేను చెవులతో వెతుకుతున్నాను.

గిటారుకి ఏం ఖర్చయితే అది మీ బావగారు ఇస్తానన్నారు. నన్ను క్షమించు.

అక్క


మద్రాసు,
ఆగస్టు 24

సత్యక్కా,

నీ ఉత్తరం రికార్డింగు మధ్యలో చదివాను. తర్వాత పాట తీస్తున్నప్పుడు రెండుసార్లు తప్పు వాయించాను. ఆ కార్డు చింపెయ్యి. క్షమించమని నువ్వు నన్ను అడగడమేంటి? రెండేళ్లు దాచావని కోపం వస్తోంది, ఎవరిమీద చూపించాలో తెలియడం లేదు.

ఖర్చూ గిర్చూ అనకు. ఏసురాజుకి ఉత్తరం రాశాను. మెడ లోపల ఒక ఇనప కడ్డీ ఉంటుంది, దాని మర తిప్పితే వంపు చాలావరకు తీరుతుంది. వచ్చి సరిచేస్తాడు, తీసుకెళ్లడు. గిటారు నీ దగ్గరే ఉంటుంది.

నీ శ్రుతి తప్పు కాదక్కా, బిగించిన వైపు తప్పు. సన్న తీగలు రెండూ అలాగే ఉంచి, లావు తీగలు రెండూ రెండేసి మెట్లు కిందికి దించు. అప్పుడూ పంచమం షడ్జం, పంచమం షడ్జమే, మెడకి భారం తగ్గుతుంది. ఇన్నేళ్లలో నాకు తట్టలేదు. గుండ్రటి తీగలని అలా దించితే వదులై మెట్లకి కొట్టుకుంటాయి. నల్లవి ఉయ్యాల తాళ్లవుతాయి. నున్నటివి మాత్రం ఆ బిగువు వల్ల నిలబడతాయి. అందులోనూ నా పాతవే. కాబట్టి చెవి లెక్కనా వేలి లెక్కనా నీకు అవే.

వీణలా తీగ లాగి గమకం పలికించాలని చూడకు, లొంగదు. జారుతో సరిపెట్టుకో, ఈ తీగ మీద జారు నీళ్లలా పోతుంది. చూపుడు వేలు వాడొద్దు. వాయించిన ప్రతిసారీ వేళ్లు బేబికి చూపించు. ముందు డాక్టరుగారికి ఒక తీగ తీసుకెళ్లి చూపించి, ఆయన సరే అంటేనే.

నేను రెండో గిటారుకి మళ్లీ నున్నటివే ఎక్కించాను. కుర్ర డైరెక్టరు మొహం చిట్లించాడు. చిట్లించనీ.

నీ తమ్ముడు,
ప్రసాద్


తణుకు,
అక్టోబరు 12

చి. ప్రసాదుకి,

దసరా వెళ్లింది. అక్షరాలు వంకరగా ఉన్నాయని అనుకోకు, కాగితాన్ని పట్టుకునే చెయ్యి కట్టుతో ఉంది. చూపుడు వేలి కొస తీసేశారు. గోరు వరకే. మీ బావగారు ఆస్పత్రి వరండాలో చంటిపిల్లాడిలా ఏడ్చారు, నేనే ఊరుకోబెట్టాల్సి వచ్చింది. నాకేమీ నొప్పి లేదు, అదే కదా గొడవంతా.

డాక్టరుగారికి నీ తీగ చూపించాను. అరచేతికి రాసుకుని, బుగ్గకి రాసుకుని, "ఇదైతే కాసేపు వాయించుకోండమ్మా, మిగతా వేళ్లతో" అన్నారు. ఆయన కాళ్లకి దణ్ణం పెట్టబోతే పారిపోయారు. ఏసురాజు వచ్చి మెడ సరిచేశాడు. నువ్వన్నట్టే దించి కలిపాను. మధ్యవేలూ ఉంగరం వేలూ కొత్తగా బడిలో చేరాయి.

ఏటా కార్తీకంలో రాజమండ్రి సభలో నా కచేరీ ఉంటుంది కదా. సెక్రటరీగారు వచ్చారు. ఈ ఏడు బేబి వాయిస్తుంది, నేను వెనక కూర్చుని దీంతో ఆధారం ఇస్తాను అన్నాను. ఆయన గిటారుని పాముని చూసినట్టు చూసి, "ఎలక్ట్రిక్ వాయిద్యం మా సభ మెట్లెక్కదండి" అన్నారు. "మరి మీ మైకు కిరసనాయిలుతో పనిచేస్తుందాండి?" అన్నాను. చివరికి ఒప్పుకున్నారు. మృదంగం వెనక కూర్చోవాలిట, కరపత్రంలో నా పేరు వెయ్యరుట. సరేనన్నాను. ఇరవై రెండేళ్లు ఆ కరపత్రంలో నా పేరే పైన ఉండేది.

ఇప్పుడు నాకు భయంగా ఉంది. బేబి వాయిస్తుంటే నా చెయ్యి ఊరుకోదు. అది ఎక్కడికి వెళ్తే అక్కడికి నేనూ పోతాను, తప్పు చేయబోతే ముందే అందిస్తాను. రెండు వీణలు కొట్టుకున్నట్టు ఉంది. మొన్న బేబి మెల్లిగా "టీచర్, నాకు ఊపిరాడ్డం లేదండి" అంది. ఇది నాకు రాకపోతే ఇక చేతిలో ఏమీ మిగల్లేదురా. ఎలా చెయ్యాలో చెప్పు. సిగ్గుపడకుండా అడుగుతున్నాను, నువ్వూ సిగ్గుపడకుండా చెప్పు.

అక్క


మద్రాసు,
అక్టోబరు 20

సత్యక్కా,

నీకు పాఠం చెప్పడానికి మూడుసార్లు కాగితం తీసి మూడుసార్లు మడిచాను. అయినా అడిగావు కాబట్టి.

బేబి వెంట వెళ్లకు. అందరూ కష్టం అనుకునేది వాయించడం, మాకు కష్టం మానెయ్యడం. పిల్ల పైకి వెళ్తే నువ్వు షడ్జం మీదే ఉండు. చాలాసేపు వెళ్తే అసలు మీటకు. తిరిగొచ్చే చోటు నీకు ముందే తెలుసు కదా, అక్కడ ముందుగా వెళ్లి కూర్చో. అది వచ్చి తన స్వరం పెట్టేసరికి కింద నీది ఉండాలి. ఒక్క మీటు చాలు. నీ పాత తీగ పని అయ్యాక ఆగిపోతుందని నువ్వే రాశావు, ఆ గుణాన్ని వాడుకో.

తప్పు చేస్తే అందించొద్దు. ఇది నీకు చాలా కష్టం, నాకు తెలుసు, నా వీపుకీ తెలుసు. నువ్వు అందిస్తే ఆ తప్పు సభకి వినపడుతుంది. నువ్వు కదలకుండా ఉంటే అది తప్పని పిల్లకి ఒక్కదానికే తెలుస్తుంది, తనే సర్దుకుంటుంది.

ఇంకోటి. నిన్నెవరూ గమనించకపోతే బాగా వాయించావని అర్థం. ఇది ఎవరికీ చెప్పుకునే సంగతి కాదు గనక ఇన్నాళ్లూ నీకూ రాయలేదు.

కచేరీనాడు నాకు రికార్డింగు ఉంది. రాలేను. వస్తే నిన్నే చూస్తాను, నన్ను చూసి నలుగురూ నిన్ను చూస్తారు. రాకపోవడమే మంచిది.

నీ తమ్ముడు,
ప్రసాద్


తణుకు,
నవంబరు 16

చి. ప్రసాదుకి,

కచేరీ అయింది. ఇవాళ పొద్దున్నే రాజమండ్రి నుంచి వచ్చాం. కాళ్లు కడుక్కుని నిద్రపోయి, లేచి మొదట నీకే రాస్తున్నాను.

మృదంగం ఆయన భారీ మనిషి. ఆయన వెనక కూర్చుంటే నాకు జనం కనపడలేదు, జనానికి నేను కనపడలేదు. ఏసురాజు స్పీకరు పెట్టెని నా మోకాలి పక్కన పెట్టి, సన్నగా తిప్పి, "చాలండి, ఇంతకంటే వద్దండి" అన్నాడు. వర్ణం గడిచింది. రెండు కీర్తనలు గడిచాయి. నేను షడ్జం వదిలి కదల్లేదు.

కల్యాణి మొదలుపెట్టింది. పిల్ల బాగా వాయించిందిరా. రాగంలో పైకి వెళ్లినప్పుడు నా చెయ్యి రెండుసార్లు లేచింది, రెండుసార్లూ ఒళ్లో పెట్టుకున్నాను. స్వరకల్పనకి వచ్చాం. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకి పొంగిపోయి లెక్క జారవిడిచింది. ఎత్తుకోవలసిన చోటు తప్పిపోయింది. మృదంగం ఆయన తల తిప్పి చూశాడు. పిల్ల మెడ వెనక నరం లేవడం నాకు కనపడింది. ఆ దారి నాకు తెలుసు, వెయ్యిసార్లు నడిచిన దారి. నాలుగు స్వరాలు అందిస్తే చాలు. అందించలేదు. అంత కష్టమైన పని నా బతుకులో చెయ్యలేదు, వేలు కోయించుకున్నప్పుడు కూడా. పంచమం ఒకటి మీటాను. ఆగాను. తాళంలో తర్వాతి ఆవర్తం ఎక్కడ మొదలవ్వాలో అక్కడ షడ్జం మీటాను. ఇల్లు ఇక్కడే ఉందే తల్లీ అన్నట్టు. ఇంకేమీ చెయ్యలేదు. పిల్ల ఇంకొక్క చుట్టు తిరిగి, వచ్చి నా షడ్జం మీద దిగింది. కావాలనే అలా వాయించిందనుకుని సభంతా ఆహా అంది.

ఆ ఆహా నా కడుపులో తెలిసింది. చెవికి కాదు.

అయ్యాక అందరూ బేబి చుట్టూ మూగారు. సెక్రటరీగారు శాలువా కప్పారు. అది నా వైపు చూసి ఏదో చెప్పబోతే కళ్లతోనే వద్దన్నాను. నేను గిటారు పెట్టెలో సర్దుకుంటుంటే ఒక పెద్దావిడ, ఏటా ముందు వరసలో కూర్చునే ఆవిడే, నా దగ్గరికొచ్చి ఎంతో ఆప్యాయంగా చెయ్యి పట్టుకుని "ఏమ్మా సత్యకుమారీ, ఈ ఏడు నువ్వు వాయించలేదేంటమ్మా?" అంది.

"లేదండి" అన్నాను.

ఒరే ప్రసాదూ, ఆ మాటకి నాకు ఏడుపు రావాలి. నువ్వు నన్నెరుగుదువు, ఒకసారి ఇంకో ఊరి కరపత్రంలో పేరు రెండో వరసలో పడితే అన్నం మానేసిన దాన్ని. ఏడుపు రాలేదు. మీ బావగారు నా మొహం చూసి, "ఏంటే, నీకే శాలువా కప్పినట్టు నవ్వుతున్నావు" అన్నారు. గిటారు పెట్టె ఆయన చేతికిచ్చి బస్సెక్కాను.

బస్సులో గోదావరి వంతెన దాటుతుంటే నువ్వు గుర్తొచ్చావు. పాట ఊరంతా పాడుకుంటుంటే, నువ్వు పెట్టె భుజానేసుకుని ఎవరికీ తెలియకుండా బస్సెక్కి వెళ్లిపోవడం. పదహారేళ్లుగా నీమీద జాలిపడుతున్నాను. మా తమ్ముడు అంత కష్టపడతాడు, పాపం వాడి పేరు ఎవరికీ తెలియదు అని పదిమందితో అన్నాను.

ఇన్నేళ్లూ ప్రతి పాటకీ నువ్వు ఇంత సంతోషంగా ఇంటికి వెళ్లేవాడివా? నాకు ఒక్క ముక్క చెప్పలేదేంట్రా దొంగా!

నీ అక్క,
సత్యకుమారి